నిన్న రైలు దిగినవారికి వైద్యం
(భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు స్మారక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సుబ్బారావు గారి పేరు మీద సభ అంటే ఆయన కనిపెట్టిన మందుల పేర్లు వరసగా చదివి, మనవాడికి నోబెల్ రాలేదని బాధపడి, పటానికి దండ వేసి ఇళ్లకు వెళ్లడం అలవాటైపోయింది. ఆ బాధలో న్యాయం ఉంది. కానీ ఈ రోజు నేను ఆయన జీవితంలోని ఇంకో సంగతి పట్టుకొని మాట్లాడదలుచుకున్నాను. 1895 జనవరి 12న ఈ భీమవరంలో పుట్టిన మనిషి 1920ల తొలినాళ్లలో బోస్టన్‌లో ఓడ దిగారు. స్కాలర్‌షిప్ లేదు. ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేసుకుంటూ హార్వర్డ్‌లో చదువుకున్నారు. 1948లో న్యూయార్క్‌లో కన్నుమూసేదాకా మళ్లీ మన నేల మీద అడుగుపెట్టలేదు. యాభై మూడేళ్ల ఆయుష్షులో దాదాపు సగం పరాయి దేశంలో కొత్తవాడిగానే గడిచింది.

ఆయన్ను ఆ దారి పట్టించింది కూడా జబ్బే. తిన్నది ఒంటపట్టక, విరేచనాలతో మనిషి చిక్కి శల్యమైపోయే స్ప్రూ అనే జబ్బు సోదరులిద్దరిని కొద్ది రోజుల తేడాలో పొట్టన పెట్టుకుంది. ఆయనకూ వచ్చింది. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. తరవాత రోజుల్లో అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. స్ప్రూ రోగులను నిలబెట్టిన మందుల్లో అదొకటి. ఈ రోజు మన పల్లెల్లో గర్భిణికి ఆశా కార్యకర్త ఇచ్చే ఎర్ర మాత్రలో ఇనుముతో పాటు ఉండేదీ అదే.

ఆయన ఇక్కడి నుంచి వెళ్లిన వందేళ్లకు ఇదే ఊరికి ఇతర రాష్ట్రాల నుంచి జనం బతుకుదెరువు వెతుక్కుంటూ వస్తున్నారు. రొయ్యల ప్లాంట్లలో తలలు తీసేవాళ్లు, ఐసు మోసేవాళ్లు, చెరువు గట్ల మీద పాకల్లో కాపలా ఉండేవాళ్లు, అపార్ట్‌మెంట్లకు సెంట్రింగ్ కట్టేవాళ్లు. ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి, అస్సాం నుంచి వస్తున్నారు. మన రొయ్య అమెరికా వెళ్తోంది, ఆ రొయ్యను ఒలిచే చేయి మన ఓపీ చీటీలో ఎక్కడం లేదు. కొత్త రాష్ట్రానికి వచ్చిన మనిషికి అందే వైద్యం ఏ పాటిది అన్నదే ఈ రోజు నా విషయం.

ముందు రెండు చేతుల గురించి చెప్పాలి. రొయ్యల ప్లాంటులో పనిచేసే ఇరవై ఏళ్ల అమ్మాయి, ఒడిశా పిల్ల, మా ఆసుపత్రి ఓపీకి వచ్చింది. వేళ్ల చివర్లు తెల్లగా నాని ముడతలు పడి ఉన్నాయి. నాలుగు వేళ్లకు గోరుచుట్టు, ఒకదానిలో చీము. గంటల తరబడి ఐసు నీళ్లలో, క్లోరిన్ నీళ్లలో చేతులు పెట్టి రొయ్య ముల్లు గుచ్చుకుంటూ పనిచేస్తే అలాగే అవుతాయి. చిరిగిన గ్లవ్స్ లోపలికి నీళ్లు చేరితే గ్లవ్స్ లేనిదానికన్నా అన్యాయం. ఆమె పక్కన సూపర్‌వైజరు నిలబడ్డాడు. తెలుగు, ఒడియా రెండూ వచ్చినవాడు అతనొక్కడే. "ఏమ్మా, ఏంటి బాధ?" అని ఆమెను అడిగితే అతను జవాబు చెప్పాడు: "జ్వరం సార్, సూది వేయండి, రేపు డ్యూటీకి రావాలి." ఆమె ఏదో చెప్పబోయింది. అతను ఒక మాటతో ఆపేశాడు. అతన్ని బయట కూర్చోమని, మా వార్డులో పనిచేసే ఒడియా ఆయమ్మను పిలిపించాను. అప్పుడు తెలిసింది, ఆ పిల్లకు రెండు నెలలుగా నెలసరి రాలేదు. ఆ సంగతి సూపర్‌వైజరు ముందు ఎలా చెబుతుంది? చెబితే పని ఉంటుందో పోతుందో ఆమెకు తెలియదు.

ఆ ఆయమ్మ లేకపోతే ఆమెకు జ్వరం మాత్రలు రాసి పంపేవాళ్లం. మందుల చీటీ సరిగ్గానే ఉండేది, రిజిస్టరులో ఒక రోగికి వైద్యం చేసినట్టు లెక్క పడేది. అందుకే వైద్యం నాణ్యతను స్కానింగ్ మిషన్లతో, పడకల సంఖ్యతో కొలిచే లెక్కలు నాకు తృప్తినివ్వవు. ఈ ఊళ్లో మూడు తరాలుగా ఉన్న కుటుంబానికి డాక్టరు ఎలాగూ మంచి వైద్యమే చేస్తాడు. వాళ్లకు కాంపౌండరు తెలుసు, మున్సిపల్ కౌన్సిలరు తెలుసు, డాక్టరు గారి బావమరిది తెలుసు. ఎవరూ తెలియని మనిషి వచ్చినప్పుడు ఆసుపత్రి ఏం చేస్తుందన్నదే దాని అసలు స్థాయి.

చట్టం ఏమంటుందో చూద్దాం. మన రాజ్యాంగం 19వ అధికరణం దేశంలో ఎక్కడికైనా వెళ్లే, ఎక్కడైనా స్థిరపడే హక్కు ఇచ్చింది. 1992 జూలైలో బెంగాల్‌లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ రైలు నుంచి పడి తలకు గాయమైతే, ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తరవాత ఒకటి పడకలు లేవనో, సౌకర్యం లేదనో తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు పోసి వైద్యం చేయించుకున్నాడు. ఆ కేసులో 1996లో సుప్రీంకోర్టు ప్రాణాపాయంలో ఉన్న మనిషికి సకాలంలో వైద్యం చేయకపోవడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని తీర్పు చెప్పింది. 2018లో ఢిల్లీ ప్రభుత్వం ఒక పెద్దాసుపత్రిలో 80 శాతం సేవలు ఢిల్లీ నివాసులకే అని ఉత్తర్వు తెస్తే హైకోర్టు కొట్టేసింది. మనకు దగ్గరి సంగతి కూడా చెప్పాలి. 2021 మేలో, కోవిడ్ రెండో దశ ఉధృతంగా ఉన్నప్పుడు, ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాద్ వెళ్తున్న అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో ఆపేశారు. కర్నూలు దాటాక పుల్లూరు టోల్‌గేటు దగ్గర, ఆక్సిజన్ సిలిండరు ముల్లు వైపు చూస్తూ, పాసు కోసం ఫోన్లు చేస్తూ కుటుంబాలు నిలబడ్డాయి. తెలంగాణ హైకోర్టు అలా ఆపమన్న ఉత్తర్వును నిలిపివేసింది. అప్పటికి ఏడేళ్ల కిందటిదాకా ఒకే రాష్ట్రమైన చోట గీత గీసి రోగిని ఆపగలమని ఆ రోజు తెలిసింది.

ఆ గీత శ్రీకాకుళం మేస్త్రీకి ఇంకా బాగా తెలుసు. ఆ జిల్లా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంతమందిని తింటోందో మీకు చెప్పక్కర్లేదు. అక్కడి మగవాళ్లు హైదరాబాద్, చెన్నై, భువనేశ్వర్ పోయి తాపీ పని చేస్తారు. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. అది అవసరమైతే మనిషి మిషను ఉన్న చోటే ఉండాలి, పని ఉన్న చోట ఉండటానికి వీల్లేదు. 2014 జూన్ 2కు ముందు అతని ఆరోగ్యశ్రీ కార్డు హైదరాబాద్‌లో సొంత రాష్ట్రపు కార్డు. ఆ తరవాత అతను అదే అద్దె గదిలో, అదే బస్తీలో ఉన్నా పరాయి రాష్ట్రం మనిషి అయ్యాడు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ తన కార్డుదారులకు హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలోని కొన్ని ఆసుపత్రుల్లో వైద్యం చేయించే ఏర్పాటు చేసింది. మంచి పని. అయినా అది ఎంపిక చేసిన ఆసుపత్రులకు, ఎంపిక చేసిన జబ్బులకు. ఏ ఆసుపత్రి జాబితాలో ఉందో, రోగికి సాయం చేసే ఆరోగ్యమిత్ర ఏ కౌంటర్ దగ్గర కూర్చుంటాడో కొత్తవాడికి చెప్పేవాళ్లు ఉండాలి.

కార్డుల సంగతి వచ్చింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ చాలామందికి ఒక భ్రమ ఉంది. 2018 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్ కార్డు ఆ పథకంలో చేరిన రాష్ట్రాలన్నిటా చెల్లుతుంది, కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వైద్యం. తెలంగాణ 2021లో, ఒడిశా 2025లో అందులో చేరాయి. ఒడిశా కూలీ చేతిలో ఆ కార్డు ఉంటే భీమవరంలో ఎంప్యానెల్ అయిన ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకోవచ్చు. ఇంకేం కావాలి అంటారు. కావలసింది చాలా ఉంది. ఆ కార్డు ఆసుపత్రిలో చేరితేనే పనిచేస్తుంది. గోరుచుట్టుకు పనిచేయదు, జ్వరానికి పనిచేయదు, బీపీ మాత్రకు పనిచేయదు, నెలసరి తప్పిన పిల్లకు చేసే పరీక్షకు పనిచేయదు. మన రాష్ట్రాలు కేంద్రం జాబితాలో లేని లక్షల కుటుంబాలను కూడా తమ సొంత డబ్బుతో ఆరోగ్యశ్రీలోకి తెచ్చాయి. అది మన గొప్ప. కానీ ఆ కుటుంబం సరిహద్దు దాటితే ఆ రక్షణ దేశమంతటా వెంట రాదు. అంటే మన పాలమూరు మనిషి ముంబైలో, మన సిక్కోలు జాలరి గుజరాత్ వెరావల్ రేవులో జబ్బు పడితే, ఇంటి దగ్గర ఇనప్పెట్టెలో ఉన్న కార్డు అతనికి అక్కరకు రాకపోవచ్చు.

పదిహేనేళ్ల కిందటే ఒక తెలివైన ఏర్పాటు ఉండేది. 2008లో వచ్చిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజనలో స్మార్ట్ కార్డును రెండుగా విడదీసి ఇచ్చే వీలుండేది. వలస వెళ్లే మనిషి ఒకటి పట్టుకెళ్తాడు, ఇంటి దగ్గర ఉన్నవాళ్ల కోసం ఇంకొకటి ఉంటుంది. బీమా మొత్తం 30,000 రూపాయలే, చాలా తక్కువ. కానీ కుటుంబం రెండు చోట్ల బతుకుతుందని ఆ కార్డు రాసినవాడికి తెలుసు. తరవాత వచ్చిన పెద్ద పథకాలు మొత్తాన్ని పెంచాయి. ఇంటి చిరునామాను మాత్రం ఒకటిగానే ఊహించుకున్నాయి.

జబ్బుల్లో అన్నిటికన్నా వలసకు లొంగనిది క్షయ. మందు కనీసం ఆరు నెలలు ఆపకుండా వేసుకోవాలి. మూడో నెలకు దగ్గు తగ్గుతుంది, ఒంట్లో కాస్త సత్తువ వస్తుంది, ముఠా మేస్త్రీ ఫోన్ చేస్తాడు, మనిషి రైలెక్కుతాడు. మందులు పది రోజులకు సరిపడా జేబులో ఉంటాయి. ఆ తరవాత? ఇక్కడ మన ప్రభుత్వ వ్యవస్థను మెచ్చుకోవాలి. క్షయ రోగుల వివరాలుండే నిక్షయ్ పోర్టల్‌లో రోగికి ఒక నంబరు ఉంటుంది, ఆ నంబరు ఏ రాష్ట్రంలో చెప్పినా అతని చికిత్స ఎంతదాకా వచ్చిందో తెరమీద కనిపిస్తుంది. పోషకాహారానికి 2018లో నెలకు 500 రూపాయలతో మొదలుపెట్టి 2024 నవంబరు నుంచి 1000 చేశారు, అది బ్యాంకు ఖాతాలో పడుతుంది కాబట్టి ఊరు మారినా ఆగదు. మనిషితో పాటు వైద్యం నడవగలదని క్షయ కార్యక్రమం చేసి చూపింది. లోటు ఎక్కడంటే, వెళ్లే ముందు రోగి చెప్పాలి, చెప్పాక ఇక్కడి ఉద్యోగి అక్కడి ఉద్యోగికి ఫోన్ చేయాలి. టీబీ అని తెలిస్తే పనిలోంచి తీసేస్తారన్న భయంతో రోగి చెప్పడు. మనం అడగం. డిశ్చార్జి చేసేటప్పుడు, మందులిచ్చేటప్పుడు "వచ్చే నెల ఎక్కడుంటావు?" అన్న ఒక్క ప్రశ్న మన ఓపీల్లో అలవాటు కావాలి. బీపీ రోగినీ, మూర్ఛ రోగినీ, గర్భిణినీ అదే ప్రశ్న అడగాలి.

గర్భిణి అన్నాను కదా, తెలంగాణలో ఇటుక బట్టీల దగ్గర నేను చూసింది చెబుతాను. ఒడిశాలోని బలాంగీర్, నువాపడా జిల్లాల నుంచి నువాఖాయి పండగ అయ్యాక కుటుంబాలకు కుటుంబాలు అడ్వాన్సు తీసుకొని సర్దార్ అనే ముఠా మేస్త్రీ వెంట వస్తాయి, వానలు పడే ముందు తిరిగి వెళ్తాయి. మధ్యలో ఏడెనిమిది నెలలు. లెక్క మీరే వేయండి: గర్భం అక్కడ మొదలైతే కాన్పు ఇక్కడ, కాన్పు అక్కడ అయితే బిడ్డకు ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు ఇక్కడ. ఒక తల్లి పాలిథిన్ కవరులో నాలుగు మడతలు పెట్టిన కార్డు తీసి ఏఎన్ఎంకి ఇచ్చింది. ఒడియాలో రాసి ఉంది. ఏఎన్ఎం విసుక్కోలేదు. గళ్లను బట్టి, టీకా ముద్రలను బట్టి పోల్చుకుంది, అంకెలు అర్థం కాక ఫోటో తీసి ఒడియా తెలిసిన ఇంకో సిస్టరుకు పంపింది, జవాబు వచ్చాక బిడ్డకు రెండో మోతాదు వేసింది. ఇంతా చేస్తే పట్టింది ఇరవై నిమిషాలు. ఆ కార్డు చదవలేక మళ్లీ మొదటినుంచి రాసేవాళ్లున్నారు, మీ ఊళ్లోనే వేయించుకోమని పంపేవాళ్లూ ఉన్నారు. ఆ ఏఎన్ఎం చేసిన పని ఏ నివేదికలోకీ ఎక్కదు. నా దృష్టిలో ఆరోగ్యశాఖ అంటే ఆమె.

అదే బట్టీలో ఇంకో సంగతి. రాత్రి నొప్పులు వస్తే 108కి ఫోన్ చేస్తారు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ సేవ నువ్వెవరు, ఏ కార్డు ఉంది అని అడగదు. తెలుగువాళ్లు దేశానికి ఇచ్చిన మంచి పనుల్లో అదొకటి. కానీ ఎక్కడికి రావాలో అడుగుతుంది. బట్టీకి డోర్ నంబరు లేదు, వీధి పేరు లేదు, కూలీకి ఊరి పేరు కూడా సరిగ్గా పలకడం రాదు. యజమాని ఫోన్ ఎత్తకపోతే అంబులెన్సు రోడ్డు మీద తిరుగుతూ ఉంటుంది. బట్టీ గోడ మీద ఊరి పేరు, దారి గుర్తు, దగ్గరి పీహెచ్‌సీ పేరు ఒడియాలో, తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించడానికి ఎంత అవుతుంది? ఒక డబ్బా రంగు.

వీళ్లను వ్యవస్థ ఎందుకు చూడలేకపోతోంది? మన ఆరోగ్య కేంద్రాలన్నీ జనాభా లెక్క మీద కట్టినవి. మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక సబ్‌సెంటర్, 30,000 మందికి ఒక పీహెచ్‌సీ, సుమారు వెయ్యి మందికి ఒక ఆశా. ఆ జనాభా 2011 నాటిది. ఆ తరవాత దేశంలో జనగణన జరగకుండానే పదిహేనేళ్లు దాటిపోయాయి. అప్పటి లెక్కలోనే 45 కోట్ల మందికి పైగా ఊరు మారి వేరే చోట బతుకుతున్నవాళ్లున్నారు. 2016-17 ఆర్థిక సర్వే రాష్ట్రాల మధ్య ఏటా దాదాపు 90 లక్షల మంది కదులుతున్నారని అంచనా వేసింది. ప్లాంటు హాస్టల్లో ఉండే నాలుగు వందల మంది ఏ ఆశా రిజిస్టరులోనూ లేరు కాబట్టి వాళ్ల కోసం ఐరన్ మాత్రలు ఇండెంటులో రావు, దోమల మందు రాదు. వచ్చిన మందు సరిపోకపోతే ఏఎన్ఎం స్థానికులకే ముందు ఇస్తుంది, లేకపోతే సర్పంచి ఊరుకోడు. ఆమెను తప్పుపట్టి లాభం లేదు. లెక్కలో లేని మనిషికి మందు రాదు. వలస కాలనీలను ఏటా రెండుసార్లు విడిగా లెక్కించి ఆ సంఖ్యను పీహెచ్‌సీ జనాభాకు కలపడం జిల్లా స్థాయిలోనే చేయగలిగిన పని. ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.

మలేరియా ఒకటి వస్తే మాత్రం వీళ్లు అందరికీ గుర్తొస్తారు. "వాళ్లు తెచ్చారు" అంటాం. ఆ మాట మాట్లాడిన ఊళ్లో మర్నాడు రక్తపరీక్షకు ఎవరూ రారు. పరీక్ష చేయడం వేరు, నింద వేయడం వేరు. రెండూ కలిస్తే రోగి ఆర్‌ఎంపీ దగ్గరకు పోయి దాక్కుంటాడు.

ఆర్‌ఎంపీ దగ్గరకు ఎందుకు పోతారన్నదానికి ఇంకో జవాబు కూడా ఉంది. అతను రాత్రి తొమ్మిదింటికి ఉంటాడు. మన పీహెచ్‌సీ ఓపీ ఉండే వేళకు కూలీ పనిలో ఉంటాడు, ఓపీకి వస్తే రోజు కూలీ పోతుంది. ఉచిత వైద్యం అంటే అతనికి ఐదారు వందల ఖర్చు. ఆర్‌ఎంపీ రెండు వందలకు సూది వేసి పంపుతాడు, అవసరం లేని సెలైను ఎక్కిస్తాడు, స్టెరాయిడ్ ఇస్తాడు, మర్నాటికి మనిషి లేచి పనికి పోతాడు. ఇక్కడ సుబ్బారావు గారిని మళ్లీ తలుచుకోవాలి. బోదకాలుకు మనం ఇప్పటికీ వాడే డీఈసీ మాత్ర ఆయన లెడర్లీ బృందం ఇచ్చిందే. ఈ గోదావరి జిల్లాల్లో ఆ మాత్ర మింగని ఇల్లు అరుదు. ఆ జబ్బు క్రిమి రాత్రిపూట మాత్రమే రక్తంలో బాగా కనిపిస్తుంది. అందుకని ఫైలేరియా సిబ్బంది దశాబ్దాలుగా రాత్రి ఎనిమిది దాటాక ఇంటింటికీ తిరిగి, నిద్రపోతున్నవాళ్లను లేపి, వేలి చివర రక్తం తీసుకున్నారు. క్రిమి వేళను బట్టి మన శాఖ వేళ మార్చుకుంది. అంత చేసిన శాఖకు కూలీ వేళను బట్టి వారానికి రెండు సాయంత్రాలు ఓపీ నడపడం అసాధ్యమంటే నేను ఒప్పుకోను.

కేరళ ఈ దారిలో మనకన్నా ముందుంది. 2017లో బయటి రాష్ట్రాల కూలీల కోసం ఆవాజ్ పేరుతో బీమా పెట్టింది. ఎర్నాకుళం ప్రాంతంలో బంధు క్లినిక్ బండ్లు కూలీలు ఉండే చోటికే వెళ్తాయి. కేరళ పద్ధతులన్నీ ఇక్కడ నాటితే మొలుస్తాయని నేననను. వాళ్ల ప్రాథమిక కేంద్రాల బలం వేరు. అయినా కూలీ దగ్గరకు ఆసుపత్రి వెళ్లాలన్న సూత్రం మాత్రం ఎక్కడైనా ఒకటే.

చదువుకున్నవాళ్ల వలసను కూడా రెండు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. ఈ హాల్లో కూర్చున్న చాలామందికి పిల్లలు బెంగళూరులో, పుణెలో ఉన్నారు. అమ్మానాన్నలు ఆర్నెల్లు అక్కడ, ఆర్నెల్లు ఇక్కడ. ప్రతి చోటా కొత్త డాక్టరు, మళ్లీ అవే పరీక్షలు, రెండు పేర్లతో ఒకే బీపీ మందు రెండింతలు వేసుకొని కళ్లు తిరిగి పడినవాళ్లను చూశాను. 14 అంకెల ఆభా ఆరోగ్య నంబరు తీసుకోండి, మంచిదే. దానికన్నా ముందు ఒక కాగితం మీద జబ్బు పేరు, మందు అసలు పేరు, మోతాదు, పడని మందులు రాయించుకొని పర్సులో పెట్టుకోండి.

ఇక చట్టం కూలీకి ఇచ్చినదాని గురించి. ఒడిశాలో దాదన్ పేరుతో జరిగిన కూలీల దోపిడీ మీద వచ్చిన ఆందోళన ఫలితంగా 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. ఐదుగురు వలస కార్మికులున్న చోట కాంట్రాక్టరు ఉచితంగా వైద్య సౌకర్యం ఇవ్వాలని అందులో స్పష్టంగా ఉంది. నలభై ఏళ్లకు పైగా అది పుస్తకంలోనే ఉండిపోయింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ అమల్లోకి వచ్చింది. ఐదుగురి పరిమితిని పది చేశారు, చిన్న బట్టీలు, చిన్న చెరువులు జారిపోతాయి. ఇది వెనకడుగు. మరోపక్క కాంట్రాక్టరు ద్వారా కాక సొంతంగా వచ్చినవాళ్లనూ వలస కార్మికులుగా గుర్తించారు. ఇది మేలు.

ఈ కోడ్ కన్నా మన చేతిలో గట్టి ఆయుధం ఈఎస్ఐ. 1948 నాటి చట్టంతో వచ్చిన పథకం. నెలకు 21,000 రూపాయల దాకా జీతం ఉన్న కార్మికుడి వేతనంలో 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడితే చాలు. ఓపీ ఉంటుంది, మందులుంటాయి, జబ్బు సెలవుకు డబ్బు ఉంటుంది, కాన్పు సెలవు ఉంటుంది. నంబరు దేశమంతా చెల్లుతుంది. ఇంటి దగ్గరున్న కుటుంబం అక్కడే వైద్యం చేయించుకోవచ్చు. నేను ఇంతసేపూ లేవని చెప్పినవన్నీ ఇందులో ఉన్నాయి. ఆ ఒడిశా పిల్ల ఈఎస్ఐలో నమోదై ఉంటే సూపర్‌వైజరు వెంట రావలసిన పని లేదు, గర్భం దాచుకోవలసిన పని లేదు. లేబర్ కాంట్రాక్టరు లెక్కలో ఆమె ఉంది, ప్లాంటు లెక్కలో లేదు, అందుకే ఈఎస్ఐలోనూ లేదు.

ఈ సభలో ప్లాంట్ల యజమానులున్నారు. కాంట్రాక్టరు పేరు చెప్పి తప్పుకోకండి. మీ గేటు లోపల పనిచేసే ప్రతి మనిషినీ వచ్చే నెల వేతనం నుంచి ఈఎస్ఐలో చేర్చండి, హాస్టల్లో ఒక గదిని సాయంత్రం క్లినిక్‌కు ఇవ్వండి, ఆ గదిలోకి సూపర్‌వైజరును రానివ్వకండి. వైద్య, ఆరోగ్యశాఖ అధికారులున్నారు. ఒడియా, బెంగాలీ తెలిసిన ఒక మహిళను ప్రతి పెద్ద పీహెచ్‌సీలో దుబాసీగా పెట్టండి, ఆమెకు గౌరవ వేతనం ఇవ్వండి. ఈ ఊరి డాక్టర్లలో పదిమంది వంతులవారీగా వారానికి ఒక సాయంత్రం ఇస్తే చుట్టుపక్కల ప్లాంట్లు చాలామటుకు కవరవుతాయి. వేదిక కింద బల్ల మీద ఒక నోటుపుస్తకం పెట్టాం. మంగళవారం సాయంత్రానికి నా పేరు రాశాను. మిగతా రోజులు ఖాళీగా ఉన్నాయి, వెళ్లేముందు మీ పేర్లు రాసి వెళ్లండి.